కటీఫ్ తీర్మానం

ఒక పెద్ద అడవిలో ఒక బోల్టుల ఫ్యాక్టరీ ఉండేది. అది తగలబడలేదు, మూతపడలేదు, దివాలా తియ్యలేదు. అంతకంటే ఘోరం జరిగింది. అందులో అందరూ పని చెయ్యడం మొదలుపెట్టారు.

దీనికంతటికీ కారణం ముంగిస మాణిక్యాంబ అని ఇప్పటికీ అంటారు. ఆవిడ మాత్రం పాము అంటుంది. నిజానికి అక్కడ పామే లేదు.

ముందు ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి. ఏటా చలికాలం ఆ అడవికి ఒక కొంగ వలస వచ్చేది. అది ఒకప్పుడు తెల్లదొరల దేశంలో, పెద్ద యుద్ధం ముగిసిన రోజుల్లో, ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీ పొగగొట్టం మీద కాపురం పెట్టింది. పైనుంచి చూసిందంతా వచ్చి అడవికి పూసగుచ్చినట్టు చెప్పింది. పొద్దున్నే సైరన్ కూస్తుందట. ఫోర్మన్ గోధుమరంగు కోటు వేసుకుంటాడట. టీ బండి కనబడగానే యంత్రాలు ఆగిపోతాయట. ఒకడి సుత్తి ఇంకొకడు ముట్టుకుంటే సమ్మె చేస్తారట.

"అబ్బ, ఏం నాగరికత!" అనుకుంది అడవి. అచ్చం అలాంటిదే కట్టుకుంది.

అందుకే రోహిణి కార్తె ఎండల్లో కూడా ఫోర్మన్ దున్నపోతు భీమలింగం ఉన్నికోటు విప్పేవాడు కాదు. పక్కనే మడుగు ఉన్నా అందులో దిగేవాడు కాదు. కోటు తీసేస్తే తను ఫోర్మన్ అని ఎవరికి తెలుస్తుంది? ఎవరైనా నాగలికి కడితే?

టీ బండి తోసే ఉద్యోగం తాబేలు నాంచారమ్మది. బండి వంటగదిలోంచి బయటికొస్తే టీ విరామం మొదలైనట్టు, తిరిగి వంటగదికి చేరితే అయిపోయినట్టు. ఇదీ రూలు. ఆవిణ్ణి ఆ ఉద్యోగంలో వేసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి గుడి కట్టాలని కార్మికులు తరచూ అనుకునేవారు.

ఇక ఎవరు ఎంతసేపట్లో ఏ పని చేస్తారో గడియారం పట్టుకుని చూసే ఉద్యోగం గుడ్లగూబ గవర్రాజుది. పగటి ఉద్యోగం. దూలం మీద కూర్చుని గడియారం ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయేవాడు. ఎప్పుడైనా ఒక కన్ను తెరిస్తే ఉడుత చిలకమ్మ తోకతో రేకు డబ్బా మీద టకటకా కొట్టేది. ఆ చప్పుడుకి షెడ్డంతా పీకల్లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు అయిపోయేది. ఎత్తిన సుత్తి దిగేది కాదు. దిగిన సుత్తి లేచేది కాదు.

"పాపం, బోల్టు చెయ్యడం ఎంత కష్టం!" అనుకుని గవర్రాజు కన్ను మూసేవాడు. ఆ లెక్కన పూటకి ఒక్కొక్కరు ఒక బుట్ట బోల్టులు చేస్తే చాలని నిర్ణయించారు. ఒక బుట్ట అందరూ ఆడుతూ పాడుతూ చేసేవారు. మిగిలిన సేపు మాట్లాడుకునేవారు.

మాణిక్యాంబ లేతు మిషను కిటికీ పక్కన ఉండేది. దాని మీద ఇనుప కడ్డీ బిగించి, గిరగిరా తిప్పుతూ ఉలి ఆనించి బోల్టు చెక్కుతారు. ఆ లేతంటే ఆవిడకి ప్రాణం. మొగుడి కంటే కూడా. మొగుడు ఈ సంగతి తెలిసి కూడా గొడవ చెయ్యలేదు. పొద్దస్తమానం తను వినవలసిన మాటలు సగం ఆ లేతు వింటోందని సంతోషించాడు.

ఉలి కింద నుంచి ఇనుప తురుము రాలుతుంది కదా. మామూలు ఇనుమైతే పొట్టు పొట్టుగా రాలేది. ఆ రోజు కొత్త రకం ఉక్కు వచ్చింది. మాణిక్యాంబ ఉలి ఆనించిందో లేదో, తురుము తెగకుండా, నీలంగా నిగనిగలాడుతూ, మెలికలు తిరుగుతూ, బుస్సుమంటూ బయటికొచ్చింది. వచ్చి తలెత్తింది.

మాణిక్యాంబ చదువుకున్న ముంగిస. అది ఉక్కు తురుమని ఆవిడకి తెలుసు. కానీ ఆ తెలివి తలలో మాత్రమే ఉంది, బొచ్చు ఒళ్ళంతా ఉంది. బొచ్చంతా నిక్కబొడుచుకుంది.

"రావే, రా! ఇవాళ నువ్వో నేనో!" అని ఎగిరి దాని మెడ పట్టుకుని రెండు ముక్కలు చేసింది.

వెంటనే ఇంకోటి తలెత్తింది. దాన్నీ చంపింది. బోల్టు పూర్తయితే గానీ పాము చావదు. కొత్త బోల్టు మొదలెడితే గానీ కొత్త పాము రాదు. మాణిక్యాంబకి ఒళ్ళు తెలియలేదు. ఒక బుట్ట నిండింది. రెండోది నిండింది. పక్క లేతు మీదున్న చిలకమ్మ తోకతో డబ్బా కొట్టింది, కొట్టింది, తోక వాచేదాకా కొట్టింది.

"వదినా! పైన కన్ను తెరిచాడు వదినా!"

"తెరవనీవే! ముందు దీని సంగతి చూడనీ!"

మూడో బుట్ట నిండేసరికి గవర్రాజు రెండో కన్ను కూడా తెరిచాడు. ఉద్యోగంలో చేరాక రెండు కళ్ళూ తెరవడం అదే మొదటిసారి.

మర్నాడు గేటు దగ్గర బోర్డు పెట్టారు. ఇకనుంచి పూటకి మూడు బుట్టలు.

సంఘం అత్యవసర సమావేశం పెట్టింది. సంఘ నాయకుడు కొండముచ్చు కోదండపాణి. అతను లేతు ముట్టుకుని ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. కానీ గొంతెత్తితే ఆకులు రాలేవి. దూలమెక్కి, తోకని భుజం మీద కండువాలా వేసుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! మన మధ్య ఒక విషసర్పం తిరుగుతోంది!"

"ఏదీ? ఎక్కడ?" అంటూ మాణిక్యాంబ ఒక్క ఉదుటున లేచింది.

"నువ్వేనమ్మా. కూర్చో."

మాణిక్యాంబ కూర్చుంది.

"మన పొట్టల మీద కొట్టింది," అన్నాడు కోదండపాణి. "అంతకంటే ముఖ్యం, మన కబుర్ల మీద కొట్టింది. మూడు బుట్టలు చేస్తూ మనం ఎప్పుడు మాట్లాడుకుంటాం? ఇలాంటివాళ్ళని ఏం చెయ్యాలో కొంగ గారు మనకి ఏనాడో చెప్పారు. ఆ దేశంలో కట్టు తప్పినవాళ్ళని కొట్టరు, తిట్టరు. అందరూ మాట్లాడటం మానేస్తారు. ఎదురుగా ఉన్నా లేనట్టే చూస్తారు."

"అంటే కటీఫా?" అంది చిలకమ్మ.

"చిన్నపిల్లల మాటలు వాడకు. దీన్ని సంపూర్ణ సంభాషణా నిరాకరణ అంటారు."

"మరి చిటికెన వేలు చూపించాలా, అక్కర్లేదా?"

కోదండపాణి చాలాసేపు ఆలోచించాడు. ఈ విషయం కొంగ చెప్పలేదు.

"చూపించాలి," అన్నాడు.

అందరూ చిటికెన వేళ్ళు చూపించారు. వేళ్ళు లేనివాళ్ళు గిట్టలు చూపించారు. ఇక పున్నమి నాటి మహాసభ దాకా గడువు. ఆలోగా మాణిక్యాంబ అందరి ముందూ క్షమాపణ చెప్పి, గవర్రాజు చూస్తుండగా పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకే ఒక్క బోల్టు చేసి చూపించాలి. లేకపోతే మహాసభలో ఇంకో తీర్మానం చేసి, ఆవిణ్ణి లేతు మీంచి దించేసి గోదాములో ఖాళీ గోనెసంచులు దులిపే పనికి పంపేస్తారు.

లేతు మీంచి దించడం అనేసరికి మాణిక్యాంబ మళ్ళీ లేచి నిలబడింది. క్షమాపణ చెప్పేస్తే పోలా, అనుకుంది. నోరు కూడా తెరిచింది. పామును చంపినందుకు ముంగిస క్షమాపణ చెప్పిందని తెలిస్తే వంశంలో ఇంకెవరైనా తలెత్తుకుంటారా? నోరు మూసేసింది.

మొదటి పూట నరకంలా ఉంది. చిలకమ్మ వంక చూస్తే చిలకమ్మ గోడ వంక చూసింది. నాంచారమ్మ "టీ తాగుతావా, ఎంత పంచదార, మీ ఆయనకి దగ్గు తగ్గిందా" అనే నాలుగు మాటలూ మింగేసి, గ్లాసు అక్కడ పెట్టి పోయింది. మాణిక్యాంబకి ఏడుపొచ్చినంత పనైంది. ఏడవడానికి ఎవరైనా అడగాలి కదా, ఎందుకేడుస్తున్నావని. ఎవరూ అడగరు. ఇక ఏడ్చి లాభమేమిటని టీ తాగింది. టీ వేడిగా ఉంది. కబుర్లలో చల్లార్చుకోవడమే గానీ, పోయినేడాది నుంచి ఆవిడ వేడి టీ తాగి ఎరగదు.

రెండో రోజు భీమలింగం కోటు సర్దుకుంటూ వచ్చాడు. మిషను ఆపి గోదాములో పీపాలు జరపమని చెప్పడం అతనికి అలవాటు. ఫోర్మన్లు కూడా కటీఫ్‌ని గౌరవించకపోతే సమ్మె చేస్తానని కోదండపాణి బెదిరించి ఉన్నాడు. భీమలింగం నోరు తెరిచి, గుర్తొచ్చి, చిలకమ్మ వైపు తిరిగాడు.

"ఆవిడతో చెప్పు, వెళ్ళి పీపాలు..."

"నేనూ మాట్లాడకూడదండీ."

"మరి ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పకూడదండీ. అదే కదండీ శిక్ష."

భీమలింగం కోటుతోనే వెళ్ళి పీపాలు జరుపుకున్నాడు.

ఆ వారమే మేనేజరు నెమలి గారి ఉపన్యాసం. క్రమశిక్షణ మీద ఆయన వారం వారం మాట్లాడేవారు. ఆ ఉపన్యాసానికి ఆయన తోకంత పొడవు ఉండేది, అన్ని కళ్ళూ ఉండేవి, ఒక్కటీ చూసేది కాదు. ఆయన "ప్రియమైన కార్మికులారా" అన్నారో లేదో కోదండపాణి చెయ్యి ఎత్తాడు.

"ఆగండి సార్! ఆవిడ కూడా కార్మికురాలే. ఆవిడ వింటూ ఉండగా మీరు మాట్లాడితే ఆవిడతో మాట్లాడినట్టే!"

"అయితే బయటికి వెళ్ళమనండి."

"అనకూడదు సార్."

చివరికి తలుపు తెరిచి, అందరూ తలుపు వంక చూస్తూ నిలబడ్డారు. మాణిక్యాంబ లేచి బయటికి నడిచింది. మడుగు ఒడ్డున ఎండలో ఒళ్ళు విరుచుకుని, టిఫిను డబ్బా విప్పి, తీరిగ్గా తిని, ఒక కునుకు తీసింది. లోపల ఉపన్యాసం ఇంకా రెండో కంటి దగ్గరే ఉంది.

చిలకమ్మ కిటికీలోంచి అదంతా చూసింది.

"చూశారా మా వదినని?" అని అందరితో అంది. "పీపాలు లేవు, ఉపన్యాసం లేదు, భీమలింగం గారి మోకాళ్ళ నొప్పుల కథ లేదు. ముఖం చూడండి, నూనె రాసినట్టు ఎలా మెరిసిపోతోందో! ఇది శిక్షా? నేనేం పాపం చేశాను, నాకెందుకు రాలేదు?"

మర్నాడు చిలకమ్మ నాలుగు బుట్టలు చేసి కోదండపాణి ముందు పెట్టింది.

"నాకూ కటీఫ్ ఇప్పించండి."

"నీకెందుకు?"

"నేనూ సంఘద్రోహినే. కావాలంటే ఐదో బుట్ట చేస్తాను."

ఇవ్వక తప్పలేదు. ఆ సాయంత్రానికి జింకలు వరస కట్టాయి. మర్నాడు అడవిపందులు. కటీఫ్ కోసం తోసుకుంటున్నారు. ఒక కుందేలు పొద్దున్న చేరి మధ్యాహ్నానికల్లా ద్రోహి అయిపోయింది. కటీఫ్‌లో ఉన్నవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవచ్చా అనే ప్రశ్న వచ్చింది. కోదండపాణి ఆగ్రహంతో తోక విదిలించాడు.

"మాట్లాడుకుంటే శిక్ష ఏముంది? కూడదు!"

అంతే. షెడ్డు చల్లబడిపోయింది. మాటల్లేవు గనక చేతులు కదిలాయి. చేతులు కదిలాయి గనక బోల్టులు పుట్టాయి. టీ బండి ఎక్కడా ఆగి పలకరించే పని లేక గిర్రున తిరిగొచ్చేసింది. నాంచారమ్మకి ఆయాసం వచ్చింది. ఆమె వంశంలో ఆయాసం అదే మొదలు.

అసలు ఆ అడవికి కావలసిన బోల్టులు ఎన్ని? వాగు మీద వంతెనకి కాసిని, గేటుకి కాసిని. ఇప్పుడు గోదాము నిండి, మడుగు నిండి, పుట్టలు నిండి, చెట్ల తొర్రలు నిండాయి. పిట్టలు గుడ్లనుకుని బోల్టులు పొదిగాయి. ఒక కోకిల వెళ్ళి కాకిగూట్లో బోల్టు పెట్టి వచ్చింది. కాకి దాన్ని పెంచింది కూడా. యజమాని సింహం గారు గుహలోంచి కబురు పంపారు. "పడుకోవడానికి చోటు లేదు. ఎవరైనా సమ్మె చెయ్యండి."

నెమలి గారి ముఖం పాలిపోయింది. బోల్టులు ఎందుకు తగ్గాయో సింహం గారికి చెప్పుకోవడమే ఇన్నాళ్ళూ ఆయన ఉద్యోగం. తగ్గకపోతే ఆయన ఏం చెప్పాలి?

గవర్రాజు దూలం దిగొచ్చి భోరుమన్నాడు. "కబుర్ల జోల లేకపోతే నాకు నిద్ర పట్టడం లేదు సార్. పగలంతా మెలకువే. పని కూడా చెయ్యవలసి వస్తోంది."

అందరికంటే అన్యాయమైపోయింది కోదండపాణి. సంఘంలో అతను తప్ప ప్రతి సభ్యుడూ కటీఫే. ఎవరితో మాట్లాడినా తన తీర్మానం తనే తప్పినట్టు. గొంతు నిండా ఉపన్యాసాలు నిలవుండిపోయి పులిశాయి. చెట్టెక్కి పొగగొట్టంతో మాట్లాడాడు. అది పొగ వదిలింది గానీ చప్పట్లు కొట్టలేదు.

నెమలి గారి గదికి పరుగెత్తాడు.

"సార్, కటీఫ్ ఎత్తేద్దాం."

"ఎత్తెయ్యండి. ఎవరొద్దన్నారు?"

"ఎత్తెయ్యాలంటే ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి. ప్రతిపాదించడానికి నేనున్నాను. బలపరచడానికి కటీఫ్‌లో లేని సభ్యుడు ఇంకొకడు కావాలి. ఒక్కడూ లేడు!"

"నాంచారమ్మ?"

"ఆవిడది వంటగది సంఘం సార్. వాళ్ళ చెయ్యి మన తీర్మానంలో పడితే మేమే సమ్మె చెయ్యాలి."

"మరి దారి?"

"ఒకటే దారి. మాణిక్యాంబ క్షమాపణ చెబితే ఆవిడ కటీఫ్ దానంతటదే పోతుంది. అప్పుడు ఆవిడ బలపరుస్తుంది."

"అయితే చెప్పమని అడగండి."

"అదే సార్, అడగకూడదు."

పున్నమి వచ్చింది. మహాసభకి అందరూ వచ్చారు, ఒక్కరూ నోరు విప్పలేదు. మాణిక్యాంబ ముందు వరసలో కూర్చుంది. ఆవిడకి ఒక్కటే లెక్క. తనని లేతు మీంచి దించాలన్నా ఒకరు ప్రతిపాదించి ఒకరు బలపరచాలి. ఈ మౌనం ఉన్నంతకాలం లేతు తనది. క్షమాపణ చెప్పిందా, అందరి నోళ్ళూ తెరుచుకుంటాయి. తెరుచుకున్న నోళ్ళు రేపు ఏ తీర్మానం చేస్తాయో ఎవరికి తెలుసు? పళ్ళు బిగపట్టుకుని కూర్చుంది.

కోదండపాణి ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మాట్లాడకూడదు గనక సైగలు మొదలుపెట్టాడు. ముందు ఆవిణ్ణి చూపించాడు. తర్వాత చేతులు జోడించి చూపించాడు. మాణిక్యాంబ కూడా మర్యాదగా చేతులు జోడించింది, నమస్కారానికి ప్రతినమస్కారంగా.

అతను తల అడ్డంగా ఊపాడు. ఇలా కాదు అన్నట్టు, రెండు చెవులూ పట్టుకున్నాడు. క్షమాపణ అంటే ఇలా చెప్పాలమ్మా అని వివరంగా, బడిలో పంతులు ముందు చేసినట్టు, గుంజీలు తీసి చూపించాడు. ఒకటి కాదు. ఆవిడ అర్థం కానట్టు చూస్తున్నకొద్దీ తీస్తూనే పోయాడు. తోక నేలకి తగిలి దుమ్ము లేచింది.

వెనక వరసల వాళ్ళకి కనబడింది ఒకటే. సంఘ నాయకుడు మాణిక్యాంబ ముందు చెవులు పట్టుకుని గుంజీలు తీస్తున్నాడు.

భీమలింగం కళ్ళు తుడుచుకున్నాడు. ఎంత పెద్ద మనసో! జింకలు లేచి నిలబడ్డాయి. మాణిక్యాంబ అందరి వంకా ఒకసారి చూసి, దయతలచినదానిలా కుడి చెయ్యి ఎత్తి, పోనీలే, క్షమించాను అన్నట్టు దీవించింది.

కోదండపాణి గుంజీలు ఆపి అరిచాడు.

"నేను కాదే, నువ్వు! నువ్వు చెప్పాలి క్షమాపణ!"



"మాట్లాడేశాడు!" అని అరిచింది చిలకమ్మ. అరిచి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. కానీ అప్పటికే ఆనకట్ట తెగిపోయింది.

"నువ్వూ మాట్లాడేశావ్!"

"నువ్వూనూ!"

"అది సరే గానీ, మీ అమ్మాయికి నొప్పులు వచ్చాయన్నారు, ఏం పుట్టింది?"

"పుట్టి పాకుతోంది కూడాను! ఇన్నాళ్ళు ఎవరితో చెప్పుకోను?"

ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. మోకాళ్ళ నొప్పులు, అల్లుళ్ళ తగవులు, కాకి పెంచుకున్న బోల్టు, అన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. కోదండపాణి దూలమెక్కి మూడు ఉపన్యాసాలు ఒకేసారి మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు, అయినా అతనికి ప్రాణం లేచొచ్చింది. గవర్రాజు గడియారం ఒళ్ళో పెట్టుకుని గుర్రు పెట్టాడు. మర్నాడు ఒక కన్ను తెరిచి చూస్తే అందరూ చేతులు కట్టుకుని మాట్లాడుకుంటున్నారు. పాపం, బోల్టు చెయ్యడం ఎంత కష్టం అనుకున్నాడు. మళ్ళీ పూటకి ఒక బుట్ట అయింది. బోల్టులు తగ్గాయని నెమలి గారు సింహం గారికి చెప్పుకున్నారు, పురి విప్పి మరీ చెప్పుకున్నారు. నాంచారమ్మ బండి మళ్ళీ నెమ్మదిగా దొర్లింది.

ఆ హడావిడిలో లేతు మీంచి దించే తీర్మానం సంగతే అందరూ మరిచిపోయారు. గుంజీలు తీసినవాడికి అయితే ఆ సంగతి ఎత్తే ధైర్యమే లేదు.

మర్నాడు టీ వేళ చిలకమ్మ రెండు వేళ్ళు కలిపి చాపుకుంటూ లేతు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"దోస్తీ వదినా! అబ్బ, నీతో చెప్పవలసినవి ఎన్నున్నాయో! ముందు మా ఆడపడుచు సంగతి..."

మాణిక్యాంబ ఆ వేళ్ళ వంక చూసింది. చిలకమ్మ లేకుండా ఇన్నాళ్ళూ తనకి తోచని మాట నిజమే. ఆడపడుచు సంగతి వినాలని కూడా ఉంది. కానీ లేతు వంక చూసింది. వేడి టీ వంక చూసింది. అవతల భీమలింగం పీపాల వైపు తల ఊపుతూ ఇటే వస్తున్నాడు.

"ఒసే చిలకమ్మా, నీతో దోస్తీయే. కానీ గేటు బయట. గేటు లోపల నాకు కటీఫ్."

"ఎవరితో?"

"అందరితోనూ."

"కటీఫ్ ఎత్తేశారు కదా వదినా!"

"మీరు ఎత్తేశారు. నేను ఎత్తలేదు."

భీమలింగం వచ్చి "పీపాలు..." అన్నాడు. మాణిక్యాంబ కిటికీలోంచి బయటికి చూసింది. అతను కోటు సర్దుకుని, పీపాల వైపు వెళ్ళిపోయాడు.

ఆవిడ ఆ మాట మీద నిలబడింది. ఉద్యోగం మానేసే రోజు దాకా ఆ గేటు లోపల ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం గేటు దాటాక మాత్రం ఆవిడా చిలకమ్మా ఎంత మాట్లాడుకునేవారంటే, ఎవరి కలుగు, ఎవరి తొర్ర ఎక్కడుందో చూసుకోకుండా దాటిపోయి, మళ్ళీ వెనక్కి నడిచేవారు.

ఇందులో నీతి: ఎవరికైనా శిక్ష వేసే ముందు, అది మనకీ కావాలనిపించేలా ఉందేమో ఒకసారి చూసుకోవాలి.